‘ఎయిడ్’ అంటే ఒక్క సాయమేనా?

మన పిల్లలు ఇంగ్లీషు పాఠం చదివేటప్పుడు ‘హెల్ప్ అంటే సాయం, ఎయిడ్ అంటే సాయం, అసిస్ట్ అంటే సాయం, సపోర్ట్ అన్నా సాయమే’ అని బట్టీ పడుతుంటారు. అది తప్పు అనలేం, పరీక్షలో మార్కులు కూడా పడతాయి. కాని ఈ మాటలన్నిటికీ పని ఒక్కటే అయితే ఆ భాషవారు ఇన్నిటిని ఇంతకాలం మోసుకు తిరగరు కదా! వీటిలో ముఖ్యంగా ‘ఎయిడ్’ సంగతి ఈ వారం చూద్దాం. బడిలో, ఆసుపత్రిలో, కోర్టులో మన కుటుంబాలకు ఎదురుపడే మాట అదే.

ముందు మన మాట. ‘సాయం’ సంస్కృతంలోని ‘సహాయం’ నుంచి వచ్చింది. ‘సహ’ అంటే కూడా, ‘అయ’ అంటే వెళ్ళడం. కూడా వెళ్ళేవాడే సహాయుడు. పుస్తకాల్లో ఈ అర్థం మరుగున పడ్డా కోనసీమ ఇళ్ళల్లో బతికే ఉంది. వాడపల్లిలో పొద్దుపోయాక గోదావరి గట్టు మీద ఒంటరిగా బయలుదేరిన పిల్లను చూస్తే పెద్దావిడ ‘ఆగమ్మాయ్, మా కుర్రాణ్ణి సాయం పంపుతాను’ అంటుంది. ఆ కుర్రాడు మూట మొయ్యనక్కరలేదు, డబ్బివ్వనక్కరలేదు, పక్కన నడిస్తే చాలు. బరువెత్తేటప్పుడు ‘కాస్త సాయం పట్టండి’ అన్నా ఇద్దరూ కలిసి ఎత్తడమే.

ఇంగ్లీషులో ఈ అర్థానికి దగ్గరగా వచ్చేది ‘అసిస్ట్’. లాటిన్‌లో దాని మూలానికి ‘దగ్గర నిలబడడం’ అని అర్థం. పాత ఇంగ్లీషు జపాల పుస్తకాల్లో ‘అసిస్టింగ్ ఎట్ మాస్’ అని కనబడుతుంది. పీఠం దగ్గర గురువులకు సాయం చేసే పిల్లల గురించి రాశారని కొందరు అనుకుంటారు. కాదు. దివ్యబలిపూజలో హాజరై ఉన్న ప్రతి ఒక్కరి గురించీ ఆ మాట. ఈనాటి వాడుకలో మాత్రం అసిస్ట్ అంటే ఒకరి పనిలో వారి చేతికింద ఉండి తోడ్పడడం. పని వారిది, చెయ్యి మనది.

‘సపోర్ట్’ అంటే కింద నుంచి మొయ్యడం. గెల బరువుకు అరటిచెట్టు ఒరిగిపోకుండా పెట్టే ఊతకర్రను తలచుకుంటే చాలు, ఇక వివరణ అక్కరలేదు. మన ఆసరా, ఊతం, దన్ను ఈ వరసలోవే.

‘హెల్ప్’ అన్నిటికంటె ఇంటిమాట. నీళ్ళలో పడ్డవాడు ఇంగ్లీషువాడైతే ‘హెల్ప్!’ అని అరుస్తాడు. ‘ఎయిడ్!’ అని ఎవడూ అరవడు. మనవాళ్ళు కూడా ‘సహాయం!’ అని అరవరు, ‘బాబోయ్, రండర్రా!’ అంటారు. దగ్గరకు పరుగెత్తుకు రమ్మనే ఆ కేకకు సరిపోయే పాత ఇంగ్లీషు మాట ఒకటుంది: ‘సక్కర్’. లాటిన్ మూలంలో దాని అర్థం పరుగున రావడం. నిత్య సహాయమాతను ఇంగ్లీషులో కొందరు ‘పెర్పెచ్యువల్ హెల్ప్’ అంటే, కొందరు ‘పెర్పెచ్యువల్ సక్కర్’ అనడం మీరు వినే ఉంటారు.

ఇక ‘ఎయిడ్’. ఇది లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు వచ్చింది. ఎక్కువగా బయటినుంచి, ఒక ఏర్పాటు ప్రకారం అందే సాయానికి వాడతారు. 1986 ఆగస్టులో గోదావరి పొంగి ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. అటువంటి రోజున పక్కింటివాళ్ళు ముసలివాళ్ళను భుజాన వేసుకుని గట్టెక్కిస్తే అది హెల్ప్. తరవాత ప్రభుత్వమూ సంస్థలూ పంపే బియ్యం, బట్టలు, మందులు ఎయిడ్. బాధ బరువు దింపేది కాబట్టి దాన్నే ‘రిలీఫ్’ అని కూడా అంటారు. 1996 నవంబరు 6 తుపానుకు కొబ్బరితోటలు కూలిపోయిన కుటుంబాలకు ఈ తేడా వేరే చెప్పనక్కరలేదు. మొదటిదానికి దరఖాస్తు ఉండదు, రెండోదానికి ఉంటుంది.

‘ఎయిడెడ్ బడి’లో ఉన్నదీ ఆ మాటే. 1854లో ఇంగ్లండునుంచి వచ్చిన ఉడ్ నివేదికతో మన దేశంలో ‘గ్రాంట్ ఇన్ ఎయిడ్’ పద్ధతి నిలదొక్కుకుంది. యాజమాన్యం ఒకరిది, ఉపాధ్యాయుల జీతానికి డబ్బు ప్రభుత్వానిది. డబ్బుతోపాటు షరతులూ వస్తాయి. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎయిడెడ్ సంస్థలను తనలో కలుపుకోబోయినప్పుడు తల్లిదండ్రులు రోడ్డెక్కడం చూశాం. అంతవరకు ఆ మాట అర్థం ఏమిటని ఎంతమంది ఆలోచించారో!

‘ఫస్ట్ ఎయిడ్’ను మనం ‘ప్రథమ చికిత్స’ అని అనువదించుకున్నాం. నా మటుకు నాకు ఈ అనువాదం నచ్చదు. చికిత్స అనగానే మనవాళ్ళ చేతులు ఊరుకోవు. పొలంలో పాము కరిస్తే పైన తాడు బిగించి కడతారు, గాయం కోస్తారు, నోటితో పీలుస్తారు. ఈ మూడూ ప్రమాదమే. ఎయిడ్ అంటే ఇక్కడ వైద్యుని చేతికి చేరేవరకు ఆదుకోవడం మాత్రమే. మనిషికి ధైర్యం చెప్పాలి, కరిచిన కాలో చెయ్యో కదలకుండా చూడాలి, 108కి ఫోను చేసి ఆలస్యం లేకుండా ఆసుపత్రికి చేర్చాలి. ‘ప్రథమ సాయం’ అని ఉంటే కొంత మేలయ్యేదేమో.

పిల్లలకు రెండు చిన్న సంగతులు. ఏ-ఐ-డి అని రాస్తే సాయం. చివర ఇంకో ఇ చేర్చి ఏ-ఐ-డి-ఇ అని రాస్తే పెద్ద అధికారి దగ్గర పనిచేసే సహాయకుడు. పలకడం ఒక్కటే. ఇక ‘ఎయిడ్స్’ జబ్బు పేరుకూ దీనికీ చుట్టరికం లేదు, అది నాలుగు మాటల మొదటి అక్షరాలు కలిపిన పేరు. కాబట్టి ‘హియరింగ్ ఎయిడ్స్’ అన్న బోర్డు చూసి ఎవరూ కంగారుపడనక్కరలేదు, అవి చెవి మిషన్లు.

అన్నిటికంటె ఎక్కువగా అపార్థం చేసుకునేది ‘లీగల్ ఎయిడ్’. సాయం అడగడమంటే చెయ్యి చాచడమని అభిమానపడి, భర్త పోయాక వాటా దక్కని ఆడవాళ్ళు నోరు మూసుకుని కూర్చుంటారు. ఇది దానం కాదు. రాజ్యాంగంలోని 39ఎ అధికరణం ఉచిత న్యాయ సహాయం సంగతి చెబుతుంది. 1987లో చేసి 1995 నవంబరు 9 నుంచి అమలులోకి తెచ్చిన చట్టం దాన్ని హక్కు చేసింది. ఆ చట్టం పేరులో ‘ఎయిడ్’ లేదు, ‘సర్వీసెస్’ అని ఉంది. అందుకే మన దగ్గర ‘న్యాయ సేవాధికార సంస్థ’ అంటున్నాం. ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏ స్త్రీ అయినా, పిల్లలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, వికలాంగులు, వరదలవంటి విపత్తుల్లో దెబ్బతిన్నవారు ఉచితంగా న్యాయవాదిని పొందవచ్చు. ఫోను నంబరు 15100.

ఈ వారం అభ్యాసం. ‘ఆమెకు ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది’ అన్న వాక్యాన్ని పిల్లలచేత ఇంగ్లీషులో చెప్పించండి. జవాబు: ‘షి ఈజ్ ఎన్‌టైటిల్డ్ టు ఫ్రీ లీగల్ ఎయిడ్.’ ‘ఎన్‌టైటిల్డ్’ అంటే హక్కుదారు అని. ఆ మాట ఎగరగొట్టి ‘షి వాంట్స్ ఎయిడ్’ అని రాసిన పిల్లలకు మార్కు ఇవ్వకండి.