చిన్నకుక్కల మూత్రాశయమున పుట్టు రాళ్లు

మాటలాడనేరని జంతువు తన బాధను నడవడిచేతనే తెలుపవలెను. అంతవఱకు వాకిటికి పోయి మూత్రము విడుచుచున్న చిన్నకుక్క యొకనాడు గదిలో చాపమీద విడిచినచో ఇంటివారు దానికి పొగరెక్కినదని తలంచి దండింతురు. మఱునాడును అట్లే జరుగును. మఱల దెబ్బలు తప్పవు. మూడవనాడు ఆ తడిలో నెత్తురుజీర కానవచ్చినపుడు గాని అది రోగమని వారికి తోచదు. మన విద్యార్థుల యిండ్లలో పామెరేనియను, లాసా ఆప్సో, షిట్జూ మొదలగు చిన్నజాతి కుక్కలు విరివిగా పెరుగుచున్నవి. ఈ జాతులకు మూత్రాశయమున రాళ్లు పుట్టుట తఱచు గనుక, ఆ వ్యాధిని గూర్చి కొంత తెలిసికొనుట అవసరము. రసాయనశాస్త్ర పాఠములలో మీరు నేర్చిన సంగతులు కొన్ని యిందు పనికివచ్చును.

ఈ వ్యాధి క్రొత్తది గాదు. మనుష్యులకు వచ్చు నిట్టి రాతిని మన ప్రాచీన వైద్యులు అశ్మరి యనిరి. దానిని కోసి తీయు విధానము సుశ్రుతసంహితయందు వర్ణింపబడినది. ఐరోపా రసాయనికులకు ఈ రాళ్లు పరిశోధనకు మంచి సామగ్రి యయ్యెను. 1776లో షీలే వీనినుండి యూరికామ్లమును కనుగొనెను. 1810లో వొలాస్టను మఱియొక రాతినుండి సిస్టీనును వేఱుచేసెను.

రాయి యెట్లు పుట్టును? కలకండ చేయువారు చిక్కని పంచదార పాకములో దారములు వ్రేలాడదీసి కదలింపక యుంతురు. కొన్ని దినములకు ఆ దారములకు పలుకులు పట్టి పెరుగును. పాకము పలుచనైనచో పలుకు కట్టదు. మూత్రాశయమునందు జరుగునదియు నిట్టిదే. మూత్రపిండములు నెత్తురునుండి వడియగట్టిన లవణములు నీటిలో కరగి అచ్చట చేరును. నీరు తగ్గి లవణములు మిక్కుటమైనపుడు అవి కరగియుండజాలక సూక్ష్మమైన పలుకులుగా విడిపడును. మూత్రము తఱచుగా వెలుపలికి పోవుచున్నచో ఆ పలుకులును కొట్టుకొనిపోవును. గంటల తరబడి నిలిచియున్నచో ఒకదాని నొకటి అంటుకొని పెరుగును. అట్లు పెరిగిన రాయి ఇసుకరేణువు మొదలు నిమ్మకాయ పరిమాణము వఱకు ఉండవచ్చును. శస్త్రచికిత్సలో మూత్రాశయమును కుట్టిన దారపు పోగు లోపలికి పొడుచుకొని యున్నచో దాని చుట్టునే రాయి కట్టుట కలదు. కలకండ దారమునకును దానికిని భేదము లేదు.

అయితే రాళ్లన్నియు నొకే పదార్థము గావు. ఇంటివారికి ఈ సంగతి తెలియకపోవుటవలననే చికిత్స తఱచు చెడుచున్నది. కుక్కలలో ముఖ్యముగా రెండు రకములు కలవు. మొదటిది స్ట్రూవైటు, మెగ్నీషియము, అమ్మోనియము, ఫాస్ఫేటు అను మూడును నీటితో గూడి యేర్పడిన పలుకు. జర్మనీలోని హాంబర్గు నగరమున మలినములు చేరిన నేలను త్రవ్వునపుడు దొరికిన యీ పలుకులకు 1845లో ఊలెక్సు అను రసాయనికుడు స్ట్రూవె అను రాజోద్యోగి పేరు పెట్టెను. రెండవది కాల్షియం ఆక్సలేటు.

కుక్కలకు స్ట్రూవైటు రాయి సాధారణముగా సూక్ష్మజీవుల మూలమున కలుగును. స్టాఫిలోకాకసు, ప్రోటియసు మొదలగు కొన్ని బాక్టీరియాలు యూరియేసు అను ఎంజైమును పుట్టించును. అది మూత్రములోని యూరియాను విఱిచి అమ్మోనియాగా మార్చును. పశువుల కొట్టములో నుదయమున ముక్కుల నదరగొట్టు ఘాటు ఈ అమ్మోనియాదే. అమ్మోనియా పెరుగగా మూత్రము క్షారమగును. ఎఱ్ఱ లిట్మసు కాగితము దానిలో నీలమగును. క్షారద్రవములో స్ట్రూవైటు కరగియుండజాలదు గనుక పలుకుకట్టి రాయి యగును. ఈ యూరియేసునే 1926లో అమెరికాకు చెందిన జేమ్స్ సమ్నరు స్ఫటికరూపమున వేఱుచేసి, ఎంజైమనునది ప్రోటీనే యని చూపెను. అందులకు 1946లో ఆయనకు నోబెలు బహుమానము వచ్చెను. పదునేడవ యేట వేటలో ఎడమచేయి పోగొట్టుకొని, మిగిలిన చేతితోనే పరికరములన్నియు నడిపిన మనుష్యుడాయన. ఆడుకుక్కల మూత్రమార్గము పొట్టిది, వెడల్పైనది. సూక్ష్మజీవులకు ప్రవేశము సులభము. అందుచేత స్ట్రూవైటు రాళ్లు ఆడుకుక్కలలో నెక్కువ.

ఆక్సలేటు రాయి వేఱు. దానికి సూక్ష్మజీవులతో పనిలేదు. నడివయస్సు దాటిన చిన్నజాతి మగకుక్కలలో అది హెచ్చుగా కనబడును. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున 1981లో ప్రారంభమైన యొక కేంద్రమునకు ఆయా దేశముల పశువైద్యులు తాము తీసిన రాళ్లను పరీక్షకు పంపుదురు. మొదటి సంవత్సరమున వచ్చిన కుక్కల రాళ్లలో నూటికి 78 స్ట్రూవైటు, 5 మాత్రమే ఆక్సలేటు. 2007 నాటికి రెండును నూటికి 40 ప్రాంతమున సరితూగినవి. కావున ఆడుకుక్క యైనంతమాత్రమున స్ట్రూవైటని గాని, పొరుగింటి కుక్కకు కరగినది గనుక మన కుక్కకును కరగునని గాని ఊహింపరాదు.

మిగిలిన రకములు కొంచెము అరుదు. నల్లమచ్చల డాల్మేషియను కుక్కకు యూరేటు రాళ్లు వచ్చును. ఇతర జాతుల శునకములు యూరికామ్లమును మఱింత సులభముగ కరగు పదార్థముగా మార్చి విసర్జించును. డాల్మేషియను ఆ పని చక్కగా చేయలేదు. దీనికి కారణమైన జన్యుదోషమును 2008లో కనిపెట్టిరి. అంతకు ముందే, 1973లో, అమెరికాలో నొక జన్యుశాస్త్రజ్ఞుడు ఈ జాతిని పాయింటరు జాతితో నొకసారి కలిపి, ఆ పిల్లలను మఱల డాల్మేషియనులతోనే తరతరములుగా కలుపుచు వచ్చి, మచ్చలు నిలిచి దోషము లేని కుక్కలను సాధించెను. వంశపారంపర్యమును చదువు పై తరగతి విద్యార్థులకు ఇంతకంటె చక్కని ఉదాహరణము దొరకదు. సిస్టీను రాళ్లు మఱికొన్ని జాతులకు వచ్చును. వానిని గూర్చి యిచ్చట విస్తరింపను.

ఇక ఇంటివారు కనిపెట్టవలసిన గుఱుతులు. కుక్క మాటిమాటికి కూర్చుండి చుక్కచుక్కగా మూత్రము విడుచును. ఆ చోటనే నాకుకొనుచుండును. మూత్రము ఎఱ్ఱబాఱును, లేక దుర్వాసన కొట్టును. ఆడుకుక్క నెత్తురును చూచి ఎదకు వచ్చినదని కొందఱు భ్రమపడుదురు. మగకుక్క ముక్కుచు నిలువగా మలబద్ధమని తలంచి ఆముదము పట్టింతురు. ఈ రెండవ భ్రమ ప్రాణాంతకమైనది. మగకుక్క జననేంద్రియములో నొక చిన్న యెముక కలదు. మూత్రమార్గము దాని గాడిలోనుండి పోవును గనుక అచ్చట వెడల్పగుటకు వీలులేదు. మూత్రాశయమునుండి జాఱిన చిన్నరాయి ఆ యెముక వెనుక చిక్కుకొనినచో దారి మూసుకొనిపోవును. అప్పుడు కుక్క ఎంత ముక్కినను ఒక్క చుక్క రాదు. పొట్ట క్రిందిభాగము గట్టిపడును. తిండి మానును, వాంతి చేసికొనును. విసర్జింపబడవలసిన పొటాసియము నెత్తురులో పెరిగి గుండెను నిలుపును. రెండుమూడు దినములలో చావు వచ్చును. ఇట్టి కుక్కను తెల్లవారనిమ్మని గాని, ఆదివారము గడవనిమ్మని గాని ఇంట నుంచుకొనరాదు. ఆ గంటలోనే పశువైద్యుని యొద్దకు తీసికొనిపోవలెను. మూత్రము వచ్చుచున్నదా, లేదా యని చూచి చెప్పుట ఇంటిలోని బాలునికైనను సాధ్యమే. వైద్యుడు మొట్టమొదట అడుగునదియు నదియే.

వైద్యుడు మూత్రమును పరీక్షించును, ఎక్స్‌రే తీయించును. స్ట్రూవైటు, ఆక్సలేటు రాళ్లు ఎక్స్‌రేలో తెల్లగా కనబడును. యూరేటు, సిస్టీను రాళ్లు తఱచు సరిగా కనబడవు. వానికి అల్ట్రాసౌండు కావలెను. ఇంటినుండి మూత్రమును శుభ్రమైన సీసాలో పట్టి తీసికొనిపోయినచో ఆలస్యము చేయరాదు. చల్లారినకొలది దానిలో లేని పలుకులును పుట్టును. ఆరోగ్యవంతమగు కుక్క మూత్రమునను కొన్ని పలుకులు కనబడవచ్చును గాన, వానిని చూచినంతనే రాయి యున్నదని భయపడనక్కఱలేదు. తిరుపతి, గన్నవరము, రాజేంద్రనగరములందలి పశువైద్య కళాశాలలకు సమీపమున నుండువారు అచ్చటి ఆసుపత్రులకు పోవచ్చును.

చికిత్స రాతిరకమును బట్టి యుండును. స్ట్రూవైటు రాయి కరగును. సూక్ష్మజీవులను చంపు మందును, మూత్రమును ఆమ్లముగా మార్చి మెగ్నీషియము, ఫాస్ఫేటులను తగ్గించు ప్రత్యేకాహారమును ఇచ్చినచో కొన్ని వారములనుండి మూడు నాలుగు నెలలలో అది మాయమగును. ఈ కాలమంతయు మందును నడుమ మానరాదు. రాతి పొరలలో బ్రతికియున్న సూక్ష్మజీవులు రాయి కరగుచుండగా వెలుపడును గదా! ఆ యాహారముతోపాటు బిస్కత్తు, మాంసపు తునక చాటుగా పెట్టు పిల్లలు కుక్కకు మేలు చేయుచున్నామనుకొందురు గాని, దానివలన చికిత్స వ్యర్థమగును. గర్భిణికిని, ఎదుగుచున్న పిల్లకును, గుండెజబ్బు గల కుక్కకును ఈ యాహారము తగదు. మగకుక్కలో కరగి చిన్నదైన రాయి మార్గమున చిక్కవచ్చును గాన కనిపెట్టియుండవలెను.

ఆక్సలేటు రాతిని కరగించు మందు ఏదియు లేదు. మన పల్లెలలో మనుష్యులకు ఉలవకట్టు, కొండపిండియాకు రసము, అరటిదూట రసము ఇచ్చు వాడుక కలదు. వాడుకను నేను పరిహసింపను. కాని నెత్తురు మూత్రము పోయుచున్న కుక్కకు ఇవి పట్టించుచు వారములు గడపుట దానిని హింసించుటయే. నొప్పికని మనుష్యుల ఐబుప్రొఫెన్ బిళ్ల నిచ్చుట మఱింత అపాయము. అది కుక్క కడుపున పుండ్లు పుట్టించి మూత్రపిండములను పాడుచేయును. ఆక్సలేటు రాతిని తీయవలసినదే. పెద్దదైనచో మూత్రాశయమును కోసి తీయుదురు. మిక్కిలి చిన్నవైనచో కోత లేని యుపాయము కలదు: కుక్కకు మత్తిచ్చి, మూత్రాశయమును ఉప్పునీటితో నింపి, వెన్నెముక నిలువుగా నుండునట్లు ఎత్తిపట్టి, పొట్టను మెల్లగా నొక్కినచో రాళ్లు ధారతో వెలుపలికి వచ్చును. తీసిన రాతిని అద్దాల బీరువాలో వింతగా దాచుకొనక పరీక్షకు పంపవలెను. అది యే పదార్థమో తెలిసినగాని మఱల రాకుండ నేమి చేయవలెనో తెలియదు.

ఏ రకమునకైనను నీరు మేలు. ఐదు కిలోల కుక్కకు ఆహారములోని నీటితో గూడ దినమునకు సుమారు 300 మిల్లీలీటర్లు సామాన్యముగా కావలెను. రాళ్లు కట్టు కుక్కకు అంతకంటె హెచ్చుగా లోపలికి పోవలెను. మన వేసవిలో ఒక్క గిన్నె చాలదు. రెండుమూడు చోట్ల చల్లని నీరుంచి పూటపూటకు మార్చవలెను. పొడి తిండిని నీటితో తడిపి పెట్టవలెను. మూత్రపు సాంద్రత 1.020కి లోపుగ నుండుట మంచిదని వైద్యుల మతము. పాలలో నీరు కలిసినదా యని లాక్టోమీటరుతో చూచినవారికి ఈ సంఖ్య భావము సులభముగ బోధపడును. బడికిని పనికిని అందఱు పోయి కుక్కను ఉదయమునుండి సాయంకాలము వఱకు గొలుసుతో కట్టియుంచు ఇండ్లలో మధ్యాహ్న మొకసారి ఎవరైనను విప్పి వెలుపలికి తీసికొనిపోవు ఏర్పాటు చేసికొనవలెను. ఆక్సలేటు కుక్కకు పాలకూర, తోటకూర పెట్టరాదు. విటమిన్ సి బిళ్లలును వలదు, అది శరీరములో కొంత ఆక్సలేటుగా మాఱును. యూరేటు కుక్కకు కార్జము తగదు.

ఇన్ని చేసినను ఆక్సలేటు రాళ్లు సుమారు సగము కుక్కలలో మూడేండ్ల లోపల మఱల కట్టును. అందుచేత బాధ కనబడకున్నను కొన్ని నెలల కొకసారి మూత్రపరీక్షయు, ఎక్స్‌రేయు చేయించుచుండవలెను. ఇసుకరేణువులుగా నున్నపుడే కనిపెట్టబడినచో పైన జెప్పిన నీటియుపాయముచేతనే వానిని వెలువరింపవచ్చును; కుక్కకు రెండవ కోత తప్పును.