సముద్రగర్భ సల్ఫైడ్ నిక్షేపాలు: టాగ్ దిబ్బలో వేసిన బోర్లు ఏం తేల్చాయి?

ఎందుకు చదవాలి?

హిందూ మహాసముద్రంలో బహులోహ సల్ఫైడ్ల అన్వేషణకు భారత్ 2016లో అంతర్జాతీయ సముద్రగర్భ ప్రాధికార సంస్థతో (ఐఎస్ఏ) 10,000 చ.కి.మీ.కు ఒప్పందం చేసుకుంది. 2025లో కార్ల్స్‌బర్గ్ రిడ్జ్‌లో అంతే విస్తీర్ణానికి రెండోది కుదిరింది. చాలామంది వీటిని మాంగనీస్ నాడ్యూల్స్‌తో కలిపేసి మార్కులు పోగొట్టుకుంటున్నారు. నాడ్యూల్స్ లోతైన మైదానాల్లో అడుగున పరచుకుని ఉంటాయి. సల్ఫైడ్లు రిడ్జ్‌ల వెంట, అగ్నిపర్వత ప్రాంతాల్లో దిబ్బలుగా పేరుకుంటాయి.

ఎలా ఏర్పడతాయి?

పలకలు విడిపోయే చోట సముద్రపు నీరు పగుళ్లలోంచి కిందికి ఇంకుతుంది. మాగ్మా వేడికి 350 డిగ్రీల సెల్సియస్ దాటినా, పైనున్న నీటి పీడనం దాన్ని మరగనివ్వదు. ఆ వేడి ఆమ్ల జలం బసాల్ట్‌లోని ఇనుము, రాగి, జింక్‌లను కరిగించుకుని పైకి తన్నుకొస్తుంది. అడుగున ఉన్న చల్లటి నీరు తగలగానే లోహాలు సల్ఫైడ్ రేణువులుగా విడిపోయి నల్లటి పొగలా ఎగుస్తాయి. ఈ బ్లాక్ స్మోకర్లను ఆల్విన్ జలాంతర్గామిలో దిగిన శాస్త్రవేత్తలు 1979లో తూర్పు పసిఫిక్ రైజ్ మీద కళ్లారా చూశారు.

టాగ్ దిబ్బ: 1994

పైనుంచి ఏరిన రాళ్లు దిబ్బ లోపల ఏముందో చెప్పలేవు. అందుకే ఓషన్ డ్రిల్లింగ్ ప్రోగ్రామ్ 158వ యాత్రలో జాయిడెస్ రిజల్యూషన్ నౌక అట్లాంటిక్ మధ్య రిడ్జ్‌పై, 26 డిగ్రీల ఉత్తర అక్షాంశం వద్ద ఉన్న టాగ్ దిబ్బకు వెళ్లింది. దిబ్బ వ్యాసం సుమారు 200 మీటర్లు, ఎత్తు 50 మీటర్లు. దాని పైనున్న నీటి లోతు 3,650 మీటర్లు.

లంగరు వేసే లోతు కాదు. థ్రస్టర్లతో నౌకను ఒకేచోట నిలిపి, పైపుకు పైపు బిగిస్తూ కిందికి దింపారు. గట్టి రాయి కన్నా ఇబ్బంది పెట్టింది వదులుగా ఉన్న రాళ్ల గుట్టే. బోరు గోడలు విరిగిపడేవి, బిట్ ఇరుక్కునేది. 17 బోర్లు వేస్తే అత్యంత లోతైనది 125 మీటర్లు. తవ్విన పొడవులో చేతికందిన కోర్ సుమారు 12 శాతమే. ఆ కొద్ది ముక్కలే ఈ రంగంలో ఆలోచనను మార్చేశాయి.

అసలు కొత్త విషయం: అన్‌హైడ్రైట్

కోర్‌లో పసుపు మెరుపు పైరైట్ మధ్య తెల్లటి సిరలు కనిపించాయి. కొన్నిచోట్ల వాటి మందం 45 సెంటీమీటర్ల వరకు ఉంది. అది అన్‌హైడ్రైట్, అంటే నీరు లేని కాల్షియం సల్ఫేట్. పంచదార వేడినీళ్లలో బాగా కరుగుతుంది. అన్‌హైడ్రైట్ తీరు తలకిందులు: సముద్రపు నీరు దాదాపు 150 డిగ్రీలు దాటితే అది గడ్డకడుతుంది, చల్లబడితే కరిగిపోతుంది. ఇంత అన్‌హైడ్రైట్ ఉందంటే దిబ్బలోకి చుట్టుపక్కల సముద్రపు నీరు కూడా చొరబడుతోందన్నమాట. వేడి ఆగినప్పుడల్లా అది కరిగి, దిబ్బ లోపల కూలి, రాళ్లు పగిలి బ్రెక్సియాగా మారతాయి. సైప్రస్‌లోని పురాతన రాగి గనుల్లో అన్‌హైడ్రైట్ దొరకకపోయినా విరిగిన రాళ్లు ఎందుకు ఉన్నాయో దీంతో బోధపడింది.

ఇంకో ఫలితం గనుల లెక్కకు కీలకం. రాగి, జింక్ ఎక్కువగా పై కొద్ది మీటర్లలోనే పోగుపడ్డాయి. లోపల అధిక భాగం పైరైట్, సిలికా, అన్‌హైడ్రైట్. వేడి జలం పైకి వెళ్తూ అడుగునున్న లోహాలను మళ్లీ కరిగించి పైకి మోస్తుంది. కాబట్టి ఉపరితల నమూనాను బట్టి మొత్తం దిబ్బకు విలువ కడితే అది భారీ అతిశయోక్తే అవుతుంది.

భారత్ విషయంలో

ఒప్పందం ఇచ్చేది అన్వేషణ హక్కు మాత్రమే, తవ్వుకునే హక్కు కాదు. ఈ పనిని చూస్తున్నది గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం (ఎన్‌సీపీఓఆర్). 2024 డిసెంబరులో చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థతో (ఎన్ఐఓటీ) కలిసి మధ్య హిందూ మహాసముద్ర రిడ్జ్‌లో దాదాపు 4,500 మీటర్ల లోతున క్రియాశీల ఉష్ణజల బిలాన్ని చిత్రీకరించింది. ఫొటో బిలం ఎక్కడుందో చెబుతుంది. కింద ఎంత లోతు వరకు ఖనిజం ఉందో తేల్చాలంటే బోరు వేయాల్సిందే.

మాదిరి ప్రశ్న

సముద్రగర్భ సల్ఫైడ్ దిబ్బ ఉపరితల నమూనాల ఆధారంగా నిల్వలను అంచనా వేయడం ఎందుకు సరికాదు? టాగ్ ఫలితాలతో వివరించండి. (150 పదాలు)