ఆటోక్యాడ్‌లో ఇంటి ప్లాను

1982లో వచ్చిన ఆటోక్యాడ్‌తో మన కాలనీ ఇంటి ప్లాను గీయొచ్చు. నేను నేర్చుకున్నవి రాస్తున్నా. ముందు ‘యూనిట్స్’ అని టైపు చేసి మిల్లీమీటర్లు పెట్టుకోండి. గోడ 3 మీటర్లుంటే 3000 అనే కొట్టాలి. కాగితానికి తగ్గించడం ప్రింటప్పుడు చూసుకోవచ్చు. ఎఫ్8 నొక్కితే గీత అడ్డంగానో నిలువుగానో పోతుంది, పక్కకు జరగదు.

ఎఫ్3 మాత్రం మరవకండి, గీత కొసను సరిగ్గా పట్టి ఇస్తుంది. కంటికి కలిసినట్టే ఉన్న మూల పెద్దదిగా చేసి చూస్తే వెంట్రుకంత విడిపోయి ఉంటుంది. అప్పుడు గది వైశాల్యం రాదు. కొలత తప్పితే మేస్త్రీ ఇటుకల లెక్కా తప్పుతుంది, ఆ డబ్బు మన అమ్మానాన్నలదే కదా!

మన నెల్లూరు తీరాన గాలివానొస్తే ముందు పోయేది కరెంటే. మార్చకపోతే ఆటోక్యాడ్ 10 నిమిషాలకోసారి తానే దాచుకుంటుంది గానీ, ఆ లోపల చేసింది పోతుంది. అందుకే నేను ఒక్కో గోడ అవగానే కంట్రోల్ పట్టి ఎస్ నొక్కుతా.