ఎయిర్ పిస్టల్‌కి చుక్కా, దుర్భిణా?

హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ రజతం గెలిచింది. ఆ పోటీలో ఎవరి పిస్టల్ మీదా అద్దం ముక్క ఉండదు. ముందో సైటు, వెనకో సైటు, అంతే. ఆప్టికల్ సైట్లకు అక్కడ అనుమతి లేదు. పోటీలకు వెళ్లే ఉద్దేశం ఉంటే ఆప్టికల్ సైటుకు పెట్టే డబ్బు పెల్లెట్లకు ఖర్చు పెట్టుకోండి. పెరట్లో డబ్బాలు కొట్టే సరదా ఉన్నవాళ్లకూ, చత్వారం వచ్చి ముందు సైటు మసకబారినవాళ్లకూ మాత్రం ఇది పనికొచ్చే వస్తువే.

సైటు చూసేముందు మీ పిస్టల్ చూడండి. పైన బిగించే పట్టా రెండు రకాలు. పక్కల సన్నటి గాడులుండి 11 మిల్లీమీటర్ల వెడల్పుంటే డవ్‌టెయిల్. 21 మిల్లీమీటర్లుండి అడ్డంగా గాట్లుంటే వీవర్ లేదా పికటిన్నీ. ఒకదాని బిగింపు రెండోదానికి పట్టదు. అడాప్టర్లు దొరుకుతాయి కానీ సైటును ఇంకాస్త పైకెత్తుతాయి. వెర్నియర్‌తో కొలిచి రాసుకుని మరీ కొట్టుకు వెళ్లండి.

తర్వాత, లోపలి యంత్రం. స్ప్రింగ్ పిస్టల్ ట్రిగ్గర్ నొక్కగానే పిస్టన్ పరుగుకు ఒక కుదుపు, అది చివర ఆగినప్పుడు ఎదురు దిశలో మరో కుదుపు. మామూలు తుపాకుల కుదుపును తట్టుకునే సైట్లు కూడా ఈ రెండువైపుల దెబ్బకు పాడవుతుంటాయి. అందుకే స్ప్రింగ్ ఎయిర్‌గన్‌కు ఆగుతుందని తయారీదారే చెప్పినదాన్ని తీసుకోవాలి. సీఓటూ గ్యాస్‌తో నడిచే పిస్టళ్లకు, ముందే గాలి నింపుకునే పీసీపీ పిస్టళ్లకు ఈ బాధ తక్కువ.

ఇప్పుడు అసలు ప్రశ్న. చాలామంది మొదట అడిగేది "ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుంది?" అని. రైఫిల్ స్కోప్‌లో బొమ్మ నిండుగా కనబడాలంటే కన్ను మూడు నాలుగు అంగుళాల దూరంలో ఉండాలి. పిస్టల్ ఉండేది చాచిన చేతి చివర. చేయి చాచి చూసే పిస్టల్ స్కోప్‌లు వేరే ఉన్నాయి గానీ, అవి లక్ష్యంతో పాటు చేతి వణుకునూ పెద్దది చేస్తాయి. 10 మీటర్ల దూరానికి నా ఓటు రెడ్ డాట్‌కే, అంటే అద్దంలో ఎర్ర చుక్క చూపే సైటుకే. కన్ను దగ్గరున్నా దూరమున్నా చుక్క కనబడుతుంది, లక్ష్యమూ చుక్కా ఒకేసారి స్పష్టంగా ఉంటాయి.

చుక్క సైజును ఎంఓఏ (మినిట్ ఆఫ్ యాంగిల్) అనే కోణ కొలతలో చెబుతారు. 10 మీటర్ల దగ్గర ఒక ఎంఓఏ అంటే సుమారు 2.9 మిల్లీమీటర్లు. పోటీ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. అంటే 4 ఎంఓఏ చుక్క దాన్ని పూర్తిగా కప్పేస్తుంది. కాగితం మీద గురి చూసుకునేవాళ్లకు 2 ఎంఓఏ మేలు. డబ్బాలకైతే 4 హాయి, త్వరగా కంటికి దొరుకుతుంది.

కొట్లోనే ఒక పరీక్ష చేయండి. చుక్క గుండ్రంగా కాక తోకచుక్కలా చెదిరి కనబడితే అదే సైటులోంచి ఫోన్ కెమెరాతో చూడండి. కెమెరాలో గుండ్రంగా ఉంటే లోపం మీ కంటిది. కళ్లద్దాల చీటీలో సిలిండర్ నంబరు ఉన్నవాళ్లకు ఇది మామూలే. చుక్క వెలుతురు తగ్గించి చూడండి, చెదురు తగ్గుతుంది. అందుకే వెలుతురు మెట్లు ఎక్కువున్నది కొనడం మంచిది. బ్యాటరీ సీఆర్ 2032 అయితే వాచీల కొట్లో కూడా దొరుకుతుంది.

బిగించాక జీరో చేయాలి, అంటే చుక్క పెట్టినచోటే దెబ్బ తగిలేలా సైటును సర్దాలి. లక్ష్యం వెనక గట్టి అడ్డు, కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి. మణికట్టు ఇసుక సంచి మీద ఆనించి, చుక్కను అద్దం మధ్యలోనే ఉంచి ఐదు పెల్లెట్లు కొట్టండి. ఒక్కో పెల్లెట్‌కూ సైటు సర్దే మర తిప్పకండి, ఐదింటి నడిమి చోటు చూడండి. క్లిక్‌కు ఒక ఎంఓఏ అయితే, 29 మిల్లీమీటర్లు ఎడమకు పోయిన గుంపుకు కుడివైపు పది క్లిక్కులు.

సైటు గొట్టానికి 4 సెంటీమీటర్లు పైన ఉండి 10 మీటర్లకు జీరో అయిందనుకోండి. 3 మీటర్ల దగ్గర పెట్టిన డబ్బాకు దెబ్బ రెండు మూడు సెంటీమీటర్లు కిందకు తగులుతుంది. దానికి మర తిప్పక్కర్లేదు, గురి కాస్త పైకి పెడితే చాలు. ఉన్నట్టుండి 10 మీటర్ల దగ్గరే గుంపు పక్కకు జరిగితే మాత్రం ముందు అలెన్ కీతో బిగింపు మరలు చూసుకోండి. స్ప్రింగ్ పిస్టల్ మీద అవి సడలుతూనే ఉంటాయి.