పరిశోధన పొలము చేరవలెను

విశ్వవిద్యాలయములో తేలిన విషయము పుస్తకములోనే ఉండిపోయినచో పంటకు ప్రయోజనము లేదు. రైతునకు తెలిసి, చేనిలో ఆచరణకు వచ్చినప్పుడే పరిశోధన సార్థకమగును. గుంటూరు చెంత లాం క్షేత్రములో మిరపపై పరిశోధనలు జరుగుచున్నవి. అక్కడి మాట మార్టూరు ప్రాంతపు చేలకు సకాలములో అందుట ఎంత అవసరమో 2021లో తెలిసివచ్చినది.

ఆ ఏడు నల్ల తామరపురుగు మిరప పూతపై పడినది. ఇది మనమెరిగిన పాత తామరపురుగు కాదు; పూలలో గుంపులుగా చేరును. తెలియక పాత మందులనే మరల మరల కొట్టిన రైతులకు ఖర్చు పెరిగినది గాని పూత నిలువలేదు.

కారణమేమి? ఈ పురుగు గ్రుడ్లను ఆకు పొరలలోపల పెట్టును. రెక్కలు రాకముందు కొంతకాలము నేలలో గడపును. పైన చల్లిన మందు ఈ రెండు చోట్లకును సరిగా చేరదు.

అందుచే ఈ క్రింది పద్ధతులు పాటింపవలెను:

1. చేను చుట్టు జొన్న లేక మొక్కజొన్న 2, 3 వరుసలు వేయవలెను.
2. నీలిరంగు జిగురు అట్టలు కట్టవలెను.
3. నత్రజని ఎరువు మితిమీరి వేయరాదు.
4. గట్లపై వయ్యారిభామ వంటి కలుపును పూతకు ముందే పీకివేయవలెను.
5. ఒకే మందును వరుసగా వాడరాదు.

రైతు సోదరులారా! చేనిలో క్రొత్త పురుగు కనబడినచో, మందుల కొట్టుకు పోకముందే నాలుగు పూలు కోసి తెచ్చి వ్యవసాయాధికారికి చూపుడు. గ్రామ సిబ్బంది ఈ సూచనలను చదువురానివారికి చదివి వినిపింపవలెను. మీరు చూచినది శాస్త్రజ్ఞునకును, శాస్త్రజ్ఞుడు కనుగొన్నది మీకును చేరిననాడే పంట దక్కును.