పాత పెళ్లి సీడీలు, డీవీడీలను ఎడిట్ చేసుకునే వీడియో ఫైల్స్‌గా మార్చడం ఎలా? పూర్తి గైడ్

ఇప్పుడు పాతికేళ్లు దాటిన వాళ్లలో చాలామంది చిన్నప్పటి వీడియోలు ఫోన్‌లో లేవు, డిస్కుల్లో ఉన్నాయి. అక్క పెళ్లి, తమ్ముడి అన్నప్రాసన, కొత్తింటి గృహప్రవేశం, పెద్దగట్టు జాతర... ఏదైనా సరే, స్టూడియో వాళ్లు చివరికి చేతిలో పెట్టేది ఒక సీడీయో డీవీడీయో. ఆ డిస్కులు బీరువాలో ఉన్నాయి కాబట్టి భద్రంగానే ఉన్నాయని ఇంట్లో వాళ్ల నమ్మకం. నిజానికి రెండు వైపుల నుంచి టైమ్ అయిపోతోంది. రైటబుల్ డిస్కులో డేటా ఉండేది ఒక రంగు పొర మీద. ఎండ, వేడి తగిలేకొద్దీ ఆ పొర పాడవుతుంది. మన దగ్గర ఎండాకాలం ఎట్లా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఇంకోవైపు కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్క్ డ్రైవే ఉండటం లేదు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఉన్న మా చుట్టాల ఇళ్ల నుంచి డిస్కులు పోగేసి వాటిని ఫైల్స్‌గా మారుస్తున్నాను. ఆ పనిలో నేను పాటించే రూల్ ఒక్కటే: ముందు కాపీ, తర్వాతే కన్వర్ట్. ఈ ఆర్డర్ ఎందుకు ముఖ్యమో ఒక్కో స్టెప్‌లో చూద్దాం.

ఏమేం కావాలి?

యూఎస్‌బీ డీవీడీ రైటర్ ఒకటి. దాన్ని హబ్‌కి కాకుండా నేరుగా ల్యాప్‌టాప్‌కి పెట్టండి, పవర్ చాలకపోతే మధ్యలో ఆగిపోతుంది. స్టోరేజ్ గురించి భయపడొద్దు. మామూలు డీవీడీ ఒకటి 4.7 జీబీ మించదు, అంటే 20 డీవీడీలకి 94 జీబీ లోపే. సాఫ్ట్‌వేర్‌గా ఇమ్‌జ్‌బర్న్, మేక్‌ఎమ్‌కేవీ, వీసీడీగేర్, హ్యాండ్‌బ్రేక్, షాట్‌కట్ సరిపోతాయి. అన్నీ డబ్బు కట్టకుండానే వాడుకోవచ్చు.

స్టెప్ 1: అది వీసీడీనా, డీవీడీనా?

కవర్ మీద ఏం రాసి ఉన్నా పట్టించుకోకండి, డిస్క్ ఓపెన్ చేసి ఫోల్డర్లు చూడండి. "ఎంపెగ్ ఏవీ" అనే ఫోల్డర్, లోపల డాట్ ఫైల్స్ ఉంటే అది వీసీడీ. "వీడియో టీఎస్" ఫోల్డర్, లోపల వీఓబీ ఫైల్స్ ఉంటే అది డీవీడీ.

రెండింటికీ తేడా చాలా ఉంది. వీసీడీ 1993 నాటి స్టాండర్డ్. మన పాల్ పద్ధతిలో అయితే 352×288 రిజల్యూషన్, ఎంపెగ్-1 వీడియో. డీవీడీలో 720×576, ఎంపెగ్-2. ఒకే ఫంక్షన్‌కి రెండు రకాల డిస్కులూ దొరికితే డీవీడీనే తీసుకోండి. పిక్సెల్స్ నాలుగు రెట్లు ఎక్కువ.

స్టెప్ 2: ముందు డిస్క్ ఇమేజ్ తీయండి

మెత్తని పొడి గుడ్డతో మధ్య నుంచి అంచు వైపు నిలువుగా తుడవండి. గుండ్రంగా తుడిస్తే గీత డేటా ట్రాక్ వెంబడే పడుతుంది, అప్పుడు డ్రైవ్‌కి చదవడం కష్టం. ఇంకో విషయం, సీడీలో డేటా పొర ఉండేది పేరు రాసే వైపు, లేబుల్‌కి సరిగ్గా కింద. అందుకే సీడీకి మెరిసే వైపు గీతల కన్నా పై వైపు గీతలు ఎక్కువ ప్రమాదం. పాత స్టిక్కర్‌ని పీకే ప్రయత్నం అస్సలు చేయొద్దు. డీవీడీలో డేటా పొర రెండు ప్లాస్టిక్ పొరల మధ్యలో ఉంటుంది కాబట్టి కొంచెం నయం.

ఇప్పుడు ఇమ్‌జ్‌బర్న్‌లో డిస్క్ నుంచి ఇమేజ్ ఫైల్ తయారుచేసే ఆప్షన్ నొక్కండి. డీవీడీ అయితే ఐఎస్‌ఓ ఫైల్ వస్తుంది. వీసీడీ అయితే బిన్, క్యూ అని రెండు ఫైల్స్ రావాలి. ఎందుకంటే మామూలు డేటా సీడీలో ఒక్కో సెక్టార్‌కి 2048 బైట్ల డేటా ఉంటుంది, మిగతా చోటు ఎర్రర్ కరెక్షన్‌కి పోతుంది. వీసీడీ ఆ చోటులో చాలావరకు కూడా వీడియోకే వాడేసి సెక్టార్‌కి 2324 బైట్లు పెడుతుంది. అందుకే 74 నిమిషాల, 650 ఎంబీ సీడీలో దాదాపు 738 ఎంబీ వీడియో పట్టేది. మనకి నష్టం ఏంటంటే, చిన్న గీత పడినా సరిచేసుకునే డేటా అందులో తక్కువ. ఐఎస్‌ఓలో సెక్టార్‌కి 2048 బైట్లే పడతాయి కాబట్టి వీసీడీకి అది పనికిరాదు.

ఇమేజ్ వచ్చాక డిస్కుని పక్కన పెట్టేయండి. ఇక నుంచి ఏ ప్రయోగమైనా ఇమేజ్ మీదే. పాడైపోతున్న డిస్కుని మళ్లీ మళ్లీ తిప్పడం కన్నా, బాగా చదివిన ఒక్కసారి దొరికినదాన్ని దాచుకోవడం మేలు.

డిస్క్ చదవకపోతే?

కాపీ మధ్యలో "సైక్లిక్ రిడండెన్సీ చెక్" ఎర్రర్ వచ్చిందంటే ఆశ వదులుకోవద్దు. ముందు రీడ్ స్పీడ్ తగ్గించండి. తర్వాత వేరే డ్రైవ్‌లో పెట్టి చూడండి. ఒక డ్రైవ్ చదవలేని సెక్టార్లని ఇంకోటి చదివేయడం మామూలే. డీవీడీ అయితే లినక్స్‌లో డీడీరెస్క్యూ వాడండి. తేలికగా వచ్చే భాగాలన్నీ ముందు తీసుకుని, మిగిలిన వాటి లిస్టు ఒక మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది. అదే మ్యాప్ ఫైల్‌తో రెండో డ్రైవ్ మీద రన్ చేస్తే ఖాళీల్ని మాత్రమే నింపుతుంది. వీసీడీకి ఐసోబస్టర్ బెటర్, కాకపోతే అందులో కొన్ని ఫీచర్లకి డబ్బు కట్టాలి.

హ్యాండీక్యామ్‌లో వాడిన 8 సెంటీమీటర్ల చిన్న డీవీడీ ఖాళీగా కనబడితే పారేయొద్దు. ఫైనలైజ్ చేయకపోవడం వల్ల కంప్యూటర్‌కి కనిపించకపోవచ్చు. ఐసోబస్టర్ అలాంటివి కూడా చదవగలదు.

స్టెప్ 3: క్వాలిటీ పోకుండా వీడియో బయటికి తీయండి

డీవీడీ ఐఎస్‌ఓని మేక్‌ఎమ్‌కేవీలో ఓపెన్ చేస్తే వీడియోని మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా ఎమ్‌కేవీ ఫైల్‌లోకి మారుస్తుంది. ఒక్క సెట్టింగ్ మాత్రం ముందే మార్చండి. 120 సెకన్ల కన్నా చిన్న టైటిల్స్‌ని అది డీఫాల్ట్‌గా వదిలేస్తుంది. ఇంటి వీడియోల్లో నిమిషం క్లిప్ కూడా విలువైనదే, కాబట్టి ప్రిఫరెన్సెస్‌లో ఆ లిమిట్‌ని 5 సెకన్లకి తగ్గించండి.

వీసీడీలో డాట్ ఫైల్ పేరుని ఎంపీజీగా మారిస్తే చాలని చాలా వీడియోల్లో చెప్తుంటారు. కొన్ని ప్లేయర్లలో ఆడుతుంది కూడా. కానీ ఫైల్ మధ్యలో సెక్టార్ హెడర్లు అలాగే ఉండిపోతాయి కాబట్టి ఎడిటర్‌లో తేడా కొట్టే అవకాశం ఉంది. వీసీడీగేర్‌లో డాట్ నుంచి ఎంపీజీ ఆప్షన్ వాడితే ఆ హెడర్లు తీసేసి శుభ్రమైన ఎంపెగ్ ఫైల్ ఇస్తుంది. క్వాలిటీ ఏమీ తగ్గదు.

స్టెప్ 4: ఎడిటింగ్ కోసం ఎంపీ4

ఈ ఎమ్‌కేవీ, ఎంపీజీలను షాట్‌కట్ నేరుగా తీసుకుంటుంది. ఫోన్‌లో ఇన్‌షాట్ లాంటి యాప్స్‌లో ఎడిట్ చేయాలంటే మాత్రం హ్యాండ్‌బ్రేక్‌తో హెచ్.264 ఎంపీ4 చేసుకోవడం మంచిది. క్వాలిటీ స్లైడర్ ఆర్‌ఎఫ్ 16 నుంచి 18 మధ్య పెట్టండి. ఫ్రేమ్ రేట్‌ని కాన్‌స్టంట్ చేయండి, లేకపోతే ఎడిటింగ్‌లో గొంతు ఒకచోట, పెదాలు ఒకచోట అవుతాయి.

డీవీడీ వీడియో ఎక్కువగా ఇంటర్లేస్డ్. అంటే సెకనుకి 25 ఫ్రేములు కాదు, 50 సగం ఫ్రేములు. జాతర వీడియోలో డప్పు దెబ్బకి ఆడేవాళ్ల చేతులు దువ్వెన పళ్లలా చీలి కనబడేది ఇందుకే. ఫిల్టర్స్ ట్యాబ్‌లో డీఇంటర్లేస్‌కి బీడబ్ల్యూడిఫ్, ప్రీసెట్ బాబ్ ఎంచుకుని ఫ్రేమ్ రేట్ 50 ఇవ్వండి. కదలిక అప్పట్లో టీవీలో చూసినంత స్మూత్‌గా ఉంటుంది. వీసీడీకి ఈ ఫిల్టర్ అక్కర్లేదు.

షేప్ కూడా చెక్ చేయండి. అప్పటి వీడియోలు చాలావరకు 4:3. తలంబ్రాల పళ్లెం పై నుంచి తీసిన షాట్ ఒకటి పట్టుకోండి, అది గుండ్రంగా ఉంటే కరెక్ట్. కోడిగుడ్డులా అడ్డంగా సాగితే ఎవరో 16:9కి లాగారన్నమాట.

ఏఐ అప్‌స్కేలింగ్ సంగతేంటి? చీరలు, పందిరి బాగా వస్తాయి. కానీ 352×288లో దూరంగా ఉన్న ముఖానికి కొన్ని చుక్కలే ఉంటాయి, మిగతాది ఏఐ ఊహించి గీస్తుంది. చూడ్డానికి నీట్‌గా ఉంటుంది, కానీ అది మీ తాతయ్య ముఖం కాకపోవచ్చు. చేసుకోండి, ఒరిజినల్‌ని మాత్రం డిలీట్ చేయొద్దు.

ముందుగా వెతకాల్సింది గొంతులు

పెళ్లి వీడియో అంటే మొదటి నుంచి చివరి దాకా సినిమా పాటలే. స్టూడియోలో ఎడిట్ చేసేటప్పుడే అసలు సౌండ్ తీసేసి పాట వేసేస్తారు. దాన్ని ఇక వెనక్కి తేలేం. కానీ పాటకీ పాటకీ మధ్య, అప్పగింతల దగ్గర, భోజనాల దగ్గర కొద్ది క్షణాలు అసలు గొంతులు మిగులుతాయి. ఇప్పుడు లేని మనుషుల గొంతు ఇంట్లో ఇంకెక్కడా ఉండకపోవచ్చు. అలాంటి చోట్ల టైమ్ నోట్ చేసుకుని, షాట్‌కట్‌లో ఆ ముక్క ఆడియోని వేవ్ ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేయండి. మాట్లాడేది ఎవరో అమ్మనో నాయనమ్మనో అడిగి అప్పుడే రాసిపెట్టండి. ఫైల్‌ని ఎప్పుడైనా కాపీ చేసుకోవచ్చు, ఆ గొంతు గుర్తుపట్టే వాళ్లు ఎప్పుడూ ఉండరు.

పేర్లు, బ్యాకప్, షేరింగ్

ఫైల్ పేరులో సంవత్సరం, ఊరు, ఫంక్షన్ ఉండాలి. సంవత్సరం తెలియకపోతే టైటిల్ కార్డు చూడండి. సూర్యాపేట గానీ కోదాడ గానీ "నల్లగొండ జిల్లా" అని ఉంటే అది బహుశా 2016 అక్టోబర్ 11కి ముందుది, ఎందుకంటే సూర్యాపేట జిల్లా ఏర్పడింది ఆ రోజే. మిర్యాలగూడకి ఈ ట్రిక్ పనిచేయదు, అది ఇప్పటికీ నల్లగొండలోనే ఉంది.

ఇమేజ్ ఫైల్స్‌ని రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టి, ఒకటి వేరే ఊళ్లోని చుట్టాల ఇంట్లో ఉంచండి. యూట్యూబ్‌లో పెడితే సినిమా పాటలకి కాపీరైట్ క్లెయిమ్ రావచ్చు. వాట్సాప్‌లో వీడియోగా పంపితే క్వాలిటీ పడిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి.

ఒక్క వీకెండ్‌లో అన్నీ అవ్వవు. కాబట్టి ఈ వారం ఎడిటింగ్ జోలికి పోకుండా, ఇంట్లో ఉన్న అన్నిటికన్నా పాత డిస్క్ తీసి ఇమేజ్ చేయండి. మిగతా స్టెప్స్ ఎప్పుడైనా చేసుకోవచ్చు, ఇది మాత్రం ఆగదు.