పొరలు పేర్చి స్ఫటికం చేయడం

కాల్సైట్ ముక్కను పుస్తకంపై పెడితే ఒక్క అక్షరం రెండుగా కనబడుతుందని మనమందరం చదువుకున్నదే. 1669లో డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు బార్తోలిన్ దీన్ని వర్ణించాడు. కాంతి కంపించే దిశను బట్టి ఆ స్ఫటికపు వక్రీభవన గుణకం 1.66 నుండి 1.49 దాకా మారడమే ఇందుకు కారణం. ఈ గుణాన్ని మనమే తయారుచేసుకోగలమా? చేసుకోగలం. అదీ, ఏ దిశాభేదమూ లేని రెండు మామూలు పదార్థాలతోనే!

గుణకం 1.5 ఉన్న పదార్థాన్నీ, 2.4 ఉన్న పదార్థాన్నీ ఒకదానిపై ఒకటి, ఒక్కొక్కటి 10 నానోమీటర్ల మందాన పేర్చామనుకుందాం. ఆకుపచ్చ కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 550 నానోమీటర్లు. అంత పెద్ద తరంగానికి ఇంత పల్చని పొరలు విడివిడిగా తెలియవు. మొత్తం ఒకే పదార్థంలా తోస్తుంది.

ఇప్పుడు కెపాసిటర్ల పాఠం గుర్తు తెచ్చుకోండి. గుణకం వర్గమే పర్మిటివిటీ: ఇక్కడ 2.25, 5.76. విద్యుత్ క్షేత్రం పొరల వెంబడి ఉంటే అవి సమాంతర సంధానంలోని కెపాసిటర్లవంటివి. సగటు 4.0, గుణకం 2.0. క్షేత్రం పొరలకు లంబంగా ఉంటే శ్రేణి సంధానం. విలోమాల సగటు తీస్తే పర్మిటివిటీ 3.24, గుణకం 1.8. తేడా 0.2! కాల్సైట్‌లో ఉన్నది 0.17 మాత్రమే. ఇలాంటి సన్నపొరల మాధ్యమాన్ని రష్యన్ శాస్త్రజ్ఞుడు రైటోవ్ 1956లో సవివరంగా విశ్లేషించాడు.

రెండు జాగ్రత్తలు అవసరం. ఒకటి, మందం. అవే పొరలు 92, 57 నానోమీటర్ల చొప్పున ఉంటే ఒక్కొక్కటి పావు తరంగమై, మొత్తం ఆకుపచ్చ కాంతికి అద్దమైపోతుంది. రెండు, కోణం. కాంతి నిటారుగా పడితే క్షేత్రం ఎటు కంపించినా పొరల వెంబడే ఉంటుంది కనుక తేడా బయటపడదు. ఫిల్మును వంచి చూడాలి.

పొరలకే దిశాభేదం ఉంటే ఇంకో మేలు. మందం దిశలో రెండు పొరల గుణకాలనూ సమానం చేస్తే బ్రూస్టర్ కోణమే ఉండదు. ఎంత ఏటవాలుగా చూసినా అద్దం ప్రతిబింబనం తగ్గదు. త్రీ-ఎం కంపెనీ పరిశోధకులు పాలిమర్ పొరలతో ఇది సాధించి 2000లో 'సైన్స్' పత్రికలో ప్రకటించారు.

పాళ్ళు మార్చి మీరే లెక్క కట్టి చూడండి. రెండు గుణకాలూ మారతాయి గాని, పొరల వెంబడి ఉన్నదే ఎప్పుడూ పెద్దది. ఎందుకంటారా? అంకమధ్యమం హరాత్మక మధ్యమం కన్న పెద్దది కనుక! లెక్కల క్లాసులో బట్టీపట్టిన సూత్రమే ఇక్కడ పదార్థానికి హద్దు గీస్తోంది.